నడుం నొప్పితో నర్సు ఉద్యోగం: ముందు మీ లెక్క మీరు రాసుకోండి

(నర్సింగ్ విద్యార్థులు, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ల ముందు ఒక సీనియర్ సిస్టర్ మాట్లాడింది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేసినావిడ ఒక మాటన్నారు, నర్సులంటే ఆసుపత్రికి వెన్నెముక అని. వినడానికి బాగుంది. నాకు మాత్రం కూర్చున్నచోటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ వెన్నెముకలో కింది రెండు డిస్కులు పాడై 19 ఏళ్లయింది. ఇంకో మాట కూడా మనకి అలవాటు, ఏ పనికైనా నడుం బిగించండి అంటారు. బిగించడానికి అది ఉండాలి కదా? కాబట్టి ఈ పూట పొగడ్తలు పక్కన పెట్టి నడుం గురించే మాట్లాడుకుందాం. ఒక విన్నపం, నేను కదలకుండా 25 నిమిషాలకి మించి నిలబడలేను, మధ్యలో కూర్చుంటే ఏమనుకోకండి. ఆ 25 ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చెప్తాను.

నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఊ. వెనక గోడకి ఆనుకుని నిల్చున్న నలుగురిలో ఇద్దరే ఎత్తారు. ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉంటే ఎందుకు నిల్చున్నారో నాకు అర్థం కాదనుకున్నారా? ఎత్తనివాళ్ల సంగతే నాకు ఎక్కువ కావాలి. ఎందుకు ఎత్తలేదు? పక్కన ట్యూటర్ ఉన్నారనా, ఇన్‌చార్జి సిస్టర్ చూస్తున్నారనా? నేనూ ఎత్తేదాన్ని కాదు. ఎనిమిది నెలలు ఎత్తలేదు. ఆ ఎనిమిది నెలల సంగతి ముందు చెప్తాను. అది చెప్పకుండా మిగతాది మొదలుపెడితే నీతులు చెప్పినట్టు ఉంటుంది.

ఉద్యోగంలో చేరి మూడో ఏడు. నైట్ డ్యూటీ. తెల్లవారుజాము నాలుగున్నర దాటింది. మీకు తెలుసు ఆ టైము, కళ్లు తెరిచే ఉంటాయి కానీ వాటి వెనక ఎవరూ ఉండరు. ఒక పెద్దాయన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లి వీల్‌చైర్‌లో వెనక్కి తెచ్చాను. మంచం పక్కన ఆపి బ్రేకులు వేశాననుకున్నాను. ఒక పక్కది పడింది, రెండోది పడలేదు. ఆయన నా భుజం మీద చెయ్యేసి లేచాడు, సగం లేచాక కుర్చీ వెనక్కి జారింది, బరువంతా ఒక్కసారిగా నా మీదకి వచ్చింది. అప్పటికి నేను నడుం దగ్గర మెలి తిరిగి ఉన్నాను, కాళ్లు కుర్చీ వైపు, ఒళ్లు మంచం వైపు. పట్టుకున్నాను. పడనివ్వలేదు. మంచం మీద కూర్చోబెట్టాను కూడా. అప్పుడు నడుంలో కలుక్కుమంది. ఆ చప్పుడు బయటికి వినిపించిందని ఇప్పటికీ అనిపిస్తుంది, వినిపించి ఉండదులెండి. ఆయన పాపం "ఏమైంది తల్లీ" అన్నాడు. "ఏం లేదు తాతా" అన్నాను. తర్వాత మందుల ట్రాలీ తోసుకుంటూ మిగతా 11 మంచాలూ తిరిగాను. ఆ ట్రాలీయే ఆ తెల్లవారుజామున నాకు ఊతకర్ర.

పొద్దున డ్యూటీ అప్పజెప్పేటప్పుడు 12 మంది గురించీ చెప్పాను. నా గురించి చెప్పలేదు. రిజిస్టర్‌లో రాయలేదు. ఏమని రాయను? పేషెంట్ పడితే రాయాలి, పడలేదు కదా, ఇక రాయడానికేముంది అనుకున్నాను. చూడండి ఎంత తెలివో! నర్సుకి దెబ్బ తగిలితే అది రాయాల్సిన సంగతి కాదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు రాసి ఉంటే, దెబ్బ డ్యూటీలోనే తగిలిందని చెప్పే కాగితం ఒకటి చేతిలో ఉండేది. సెలవుకైనా, వైద్యం ఖర్చుకైనా, వార్డు మార్పుకైనా తర్వాత అందరూ అడిగేది ఆ కాగితమే. ఇది మీరు ఇప్పుడే రాసుకోండి: నడుం పట్టేసిన రోజే, ఇంటికి వెళ్లేలోపే, తారీఖు, టైము, ఏం చేస్తుండగా జరిగింది, ఎవరు చూశారు. రెండు లైన్లు చాలు.

తర్వాత ఏమైంది? నొప్పి నడుంలోంచి పిర్రలోకి, అక్కడి నుంచి తొడ వెనకగా పిక్కలోకి, పిక్కలోంచి పాదం దాకా దిగింది. దగ్గితే పోటు, తుమ్మితే పోటు. నేనేం చేశాను? మాత్రలు. జేబులో పెన్నులతో పాటు మాత్రల స్ట్రిప్. బెల్టు యూనిఫాం లోపల కట్టుకునేదాన్ని, పైకి కనిపించకుండా. ఎడమ కాలి బొటనవేలు పైకి లేవడం మానేసింది, చెప్పు ఎడమ పక్కదే ముందు అరిగిపోతోంది, అది కూడా చూసి చూడనట్టు ఊరుకున్నాను. ఎదుటివాళ్లలో ఇదే చూస్తే పరిగెత్తుకెళ్లి డాక్టర్‌ని పిలిచేదాన్ని.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకు ఇష్టం ఉండదు. ఆపరేషనైన ఒకావిడని మొదటిసారి మంచం దింపి నడిపిస్తున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. నాలుగడుగులు వేశామో లేదో నా ఎడమ పాదం గచ్చుకి తట్టుకుంది. నేను తూలాను, ఆవిడ నాతో పాటే కిందికి వచ్చింది. మణికట్టు విరిగింది. నాది కాదు, ఆవిడది. వార్డంతా నన్ను ఓదార్చింది, తడి నేల మీద జారి ఉంటావన్నారు. నేల పొడిగానే ఉంది. నాకు తెలుసు పొడిగా ఉందని. ఎనిమిది నెలలుగా నా నొప్పి నా సొంత విషయం అనుకుంటూ వచ్చాను, ఆ రోజుతో ఆ అనుకోవడం అయిపోయింది. మన నడుం మీద పేషెంట్ ఆనుకుని ఉంటాడు. అది ఎంత మోయగలదో మనకి తెలిసి ఉండాలి, మన పక్కన పనిచేసేవాళ్లకీ తెలిసి ఉండాలి. నేను ఇవాళ వచ్చింది ఈ ఒక్క ముక్క చెప్పడానికి. మిగతాదంతా దాన్ని ఎలా చేయాలన్నదే.

సరే, స్కానింగ్ చేయించాను. మనందరికీ తెలిసిన కథే, నడుములో చివరి రెండు డిస్కులు, నాలుగు-ఐదు పూసల మధ్యది, ఐదో పూసకీ దాని కింద ఉండే త్రికాస్థి ఎముకకీ మధ్యది. డిస్కులు ఎక్కువగా జారేది ఆ రెండు చోట్లే. చుట్టూ గట్టి పీచు, మధ్యలో మెత్తటి గుజ్జు, ఆ పీచు చిట్లి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కుతుంది. కాగితం చదివి ఏడ్చాను. నర్సుని కాబట్టి అందులోని ప్రతి మాటా అర్థమైంది, అర్థమవడమే నా కర్మ. ఆ డాక్టర్ కాగితం పక్కన పెట్టి, మీరు ఏం చేయగలుగుతున్నారు, ఏం చేయలేకపోతున్నారు, అది చెప్పండి ముందు అన్నారు. నేను తెల్లమొహం వేశాను. నొప్పి ఎంతో చెప్పగలను, పదికి ఎనిమిది అని. ఏం చేయగలనో నాకు తెలీదు!

స్కానింగ్ కాగితం గురించి ఒక్క మాట, ఎందుకంటే మీలో చాలామంది దాన్ని ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతుంటారు. అసలు నొప్పే లేనివాళ్లకి స్కానింగ్ చేస్తే ఏం కనిపిస్తుందో చూసిన పరిశోధనలన్నిటినీ కలిపి 2015లో లెక్క వేశారు, మొత్తం 3 వేల మందికి పైగా మనుషులు. నొప్పి లేని 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. అందుకని "డిస్క్ బల్జ్", అంటే డిస్క్ ఉబ్బింది అని ఒక లైను చూసి నా కెరీర్ అయిపోయిందని తీర్మానించేసుకోకండి. జారిన డిస్కులు కూడా చాలావరకు ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి. అలాగని కాలు బలహీనపడుతుంటే నాలాగ చెప్పులు చూసుకుంటూ కూర్చోమని కాదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగమంతా మొద్దుబారినా, రెండు కాళ్లూ ఒక్కసారి బలం తప్పినా, డ్యూటీ అయ్యాక చూద్దాం అనకండి. అది గంటల లెక్క. ఆ నిమిషమే వెళ్లండి.

ఇప్పుడు నా పుస్తకం దగ్గరికి వద్దాం. ఆ డాక్టర్ అడిగిన ప్రశ్నకి జవాబు దొరకడానికి రెండు వారాలు పట్టింది. చిన్న నోటుబుక్కు, జేబులో పట్టేది. కదలకుండా ఎంతసేపు నిలబడగలను, ఎంతసేపు కూర్చోగలను, ఎంతసేపు నడవగలను, కొంచెం ముందుకి వంగి ఎంతసేపు ఉండగలను, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎన్ని కిలోలు ఎత్తగలను, చేతులు చాపి ఎన్ని కిలోలు. నొప్పి ఎప్పుడు మొదలైందో రాయలేదు, అది రాస్తే రోజంతా అదే రాసుకుంటూ ఉండాలి. మర్నాడు పొద్దున లేచాక కూడా మిగిలి ఉన్న నొప్పి ఏ పని వల్ల వచ్చిందో అది రాశాను. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. చేస్తుండగా కాస్త సలిపి, రాత్రికి తగ్గిపోయే నొప్పి వేరు, మర్నాటికి అప్పు మిగిల్చే నొప్పి వేరు.

రెండు వారాలకి నా లెక్క తేలింది. కదలకుండా నిలబడటం 25 నిమిషాలు. నడవడం గంటకి పైగా, ఏ బాధా లేదు. కూర్చోవడం 40 నిమిషాలు. ముందుకి వంగి ఉండటం, చెప్తే నమ్మరు, రెండే రెండు నిమిషాలు. ఒంటికి ఆనించుకుని 8 కిలోలు. లేచిన మొదటి గంటలో వంగితే ఆ రోజంతా చెడుతుంది. ఈ ఆఖరిది నాకొక్కదానికే కాదండోయ్, రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పట్టి ఉబ్బుతాయి, పొద్దున్నే వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. పొద్దున వంగడం మానేసినవాళ్లకి నొప్పి తగ్గిందని 1998లో పరీక్షించి చూపించారు కూడా. నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఏ సాయంత్రమో నిద్ర లేస్తారు కాబట్టి, మీ "పొద్దున" ఎప్పుడో మీరే చూసుకోండి.

ఈ కాగితం చేతికొచ్చాక నా ఆలోచనే మారిపోయింది. అంతకుముందు, నేను నర్సు పని చేయగలనా లేదా, ఇదే ప్రశ్న. దానికి జవాబేముంటుంది? ఇప్పుడు, ఏ వార్డులో రెండు నిమిషాలకి మించి వంగక్కర్లేదు, ఏ పనిలో నడక ఎక్కువ, నిలుచోవడం తక్కువ, ఇలా అడగొచ్చు. వీటికి జవాబులున్నాయి.

కొంచెం బరువుల గురించి. అమెరికాలో వృత్తి భద్రత పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండి, పట్టుకోవడానికి పిడి ఉండి, మెలి తిరగక్కర్లేకపోతే, మనిషి ఎత్తదగ్గది 23 కిలోలు. అది పెట్టెలకి. మనిషి పెట్టె కాదు కదా, పిడి ఉండదు, మధ్యలో కదులుతాడు, భయపడి మన మెడ పట్టుకుంటాడు. అందుకని పేషెంట్ల విషయంలో హద్దు 16 కిలోలకి తగ్గించాలని 2007లో ప్రతిపాదించారు. 16 కిలోలంటే ఎంత? మనిషి ఒక్క కాలు బరువు ఒంటి బరువులో ఇంచుమించు ఆరో వంతు. 100 కిలోల మనిషికి డ్రెస్సింగ్ చేయడానికి ఒక్క కాలు ఎత్తి పట్టుకున్నారంటే, నడుం నొప్పి లేని నర్సుకి కూడా హద్దు అక్కడే అయిపోయింది. మరి మనం పూర్తి మనిషిని ఎత్తుతున్నాం! ఇద్దరం కలిసి ఎత్తితే పర్లేదు అంటారా? ఇద్దరు ఎత్తినా వెన్ను మీద పడే భారం ప్రమాదం స్థాయిలోనే ఉందని 1999లో కొలిచి చెప్పారు. సరిగ్గా ఎత్తడం ఎలాగో క్లాసులు పెట్టి నేర్పించినంత మాత్రాన నడుం నొప్పులు తగ్గినట్టు ఆధారం దొరకలేదని కూడా అన్ని పరిశోధనలూ చూసి తేల్చారు. "మోకాళ్లు వంచి ఎత్తు, నడుం వంచకు" అని మనకి బోర్డు మీద రాసి పెడతారే, అదన్నమాట. తప్పేం కాదు. కానీ ఆ బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. దానికి బదులు పేషెంట్‌ని ఎత్తే లిఫ్టు మిషన్ ఒకటి పెట్టండి, పేషెంట్ కింద వేసి జరిపే జారుడు షీట్లు నాలుగు కొనండి.

అసలు ఎత్తడం మీద మనకి ఉన్న శ్రద్ధ వంగడం మీద లేదు. నా పుస్తకంలో నన్ను ఎక్కువగా పడేసింది కాన్యులా, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం. అవును, సూది! ఒక్కసారి కళ్లముందు తెచ్చుకోండి. మంచం కిందికి ఉంది, ట్రే అవతలి పక్క బల్ల మీద ఉంది, మీరు నడుం వంచి, మెడ వంచి, పేషెంట్ చేతి మీద నరం వెతుకుతున్నారు. దొరకలేదు. ఇంకోచోట చూస్తారు. లేవకుండానే ఒక చెయ్యి వెనక్కి చాపి దూది అందుకుంటారు. దొరికింది, ఫ్లాష్ వచ్చింది, అంటే గొట్టంలో రక్తం కనిపించింది, ఇప్పుడు ప్లాస్టర్ వేసేదాకా కదలకూడదు. ఏడు నిమిషాలు. నా హద్దు రెండు. షిఫ్టులో అలాంటివి తొమ్మిదో పదో. ఒక్క కిలో బరువు ఎత్తలేదు, సాయంత్రానికి నడుం మాత్రం చచ్చింది. ఇప్పుడు నేనేం చేస్తానంటే, ముందు ట్రే నా చేతి పక్కకి తెచ్చుకుంటాను. తర్వాత మంచం పైకి లేపుతాను, నా మోచేతి కిందికి వచ్చేదాకా. లేవని మంచమైతే స్టూలు లాక్కుని కూర్చుంటాను, పేషెంట్ చేతి కింద దిండు పెడతాను. "సిస్టర్ కూర్చుని ఇంజెక్షన్ చేస్తోంది" అని మొదట్లో నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి. కూర్చుంటే చెయ్యి వణకదు, నరం మొదటిసారికే దొరుకుతుంది, పేషెంట్లకి అదే కావాలి.

మంచం లేపడానికి ఎంతసేపు పడుతుంది? తిప్పే హ్యాండిల్ ఉన్నదైతే అర నిమిషం. ఆ అర నిమిషం లేదంటాం. పని అయ్యాక మళ్లీ దించడం మర్చిపోకండి, లేకపోతే పేషెంట్ ఎత్తు మీద నుంచి పడతాడు.

ఇంకోటి, కిందికి జారిపోయిన పేషెంట్‌ని పైకి లాగడం. రోజుకి పాతికసార్లు చేస్తాం, ఒక్కసారి కూడా లెక్కలోకి రాదు. తల వైపు దించకుండానే చంకల కింద చేతులేసి లాగేస్తాం, అవునా కాదా? ముందు తల వైపు మంచం దించండి, పేషెంట్ స్థితి ఒప్పుకుంటేనే సుమా. మోకాళ్లు ముడవమనండి, మడమలు పరుపుకి ఆనించి మూడు లెక్కపెట్టేసరికి నెట్టమనండి. మనం ఎత్తేస్తే సహాయం చేసినట్టు అనుకుంటాం, చాలామందికి ఆ బలం ఉంటుంది, మనం అడగం. లేనివాళ్లకి కింద జారుడు షీట్ వేసి ఇద్దరు చెరో పక్కన నిలబడి జరపండి. ఎత్తొద్దు, జరపండి. ఇక నడుస్తూ పడిపోతున్న మనిషిని నిలబెట్టడానికి ప్రయత్నించకండి. నేను ఆ రాత్రి చేసిన తప్పు అదే. దగ్గరగా జరిగి, మీ కాలి మీదుగా మెల్లగా నేలకి దిగనివ్వండి, తలకి దెబ్బ తగలకుండా చూడండి. నేల మీద కూర్చున్న మనిషిని నలుగురు వచ్చాక లేపొచ్చు.

ఒక్క నిమిషం, కుర్చీ ఇటు జరుపుతారా బాబూ? థాంక్స్. 25 అయింది.

కూర్చుని చెప్పుకోవాల్సిన మనిషి ఒకావిడ ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్. దీపం పట్టుకుని వార్డులో తిరుగుతున్న బొమ్మ అందరం చూశాం, ఆమె పేరు మీద దీపాలు వెలిగించి ప్రమాణాలు చేశాం. క్రిమియా యుద్ధంలో ఆమె పనిచేసింది రెండేళ్ల లోపు. అక్కడే 1855లో జ్వరం పట్టుకుంది, 1857 నుంచి ఏళ్ల తరబడి మంచం, గది దాటి పెద్దగా రాలేదు, వెన్ను నొప్పి ఆమెని భయంకరంగా బాధపెట్టింది. ఆమె నర్సింగ్ స్కూల్ మొదలైంది ఎప్పుడు? 1860లో. అంటే ఆ స్కూల్ వెనక ఉన్న మనిషి అప్పటికే మంచం మీద ఉంది. ఉత్తరాలు, లెక్కలు, ఆసుపత్రి ప్లాన్లు, అన్నీ అక్కడి నుంచే. ఆ బొమ్మ మనకి ఎవరూ చూపించరు. ఆమెకి డబ్బుంది, పలుకుబడి ఉంది, మనకి లేవు, నిజమే. నాకు మాత్రం ఆ తారీఖులు చదివాక, దీపం బొమ్మ పక్కన మంచం బొమ్మ కూడా ఒకటి పెట్టాలనిపించింది.

సరే, ఏ వార్డు? ఇది అందరూ అడుగుతారు, తేలిక పని ఎక్కడ సిస్టర్ అని. తేలిక పని అని ఎక్కడా ఉండదు, మీ లెక్కకి సరిపడే పని ఉంటుంది. పసిపిల్లల ఐసీయూ తేలికంటారు, పిల్లలు కిలోన్నర ఉంటారు కదా అని. నిజమే, కానీ ఇంక్యుబేటర్ మీదకి వంగి గంటలు గడుస్తాయి, నాకు అది కుదరదు, వంగగలిగి బరువు ఎత్తలేనివాళ్లకి కుదురుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో కదలకుండా నిలబడటం. గుండె యాంజియోలు చేసే ల్యాబ్‌లో సీసం ఏప్రాన్, కొన్ని కిలోలు ఒంటి మీద వేసుకుని. డయాలిసిస్ నాకు పడింది, ఆరేళ్లు చేశాను, నడక, కూర్చోవడం, నిలబడటం మారుతూ ఉంటాయి, ద్రావణం డబ్బాలు ఎత్తడం ఒక్కటే సమస్య, అవి వేరేవాళ్లు పెట్టేలా మాట్లాడుకున్నాను. మానసిక వార్డులో ఎత్తడం తక్కువ, కానీ పేషెంట్ ఒక్కసారి పెనుగులాడితే చాలు. ఇళ్లకి వెళ్లి చేసే నర్సింగ్ ప్రశాంతంగా ఉంటుందని మాత్రం వెళ్లకండి, అక్కడ మంచం కిందికి ఉంటుంది, లేవదు, మీరు ఒక్కరే ఉంటారు, పిలిస్తే వచ్చేవాళ్లు లేరు. ఓపీ, టీకాలు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, క్వాలిటీ, ఫోన్‌లో సలహాలు చెప్పే పని, బోధన, ఇవన్నీ ఉన్నాయి. వాటికి అనుభవం అడుగుతారు, అందుకే మొదటి రెండు మూడేళ్లు వార్డులో ఎలా నెట్టుకురావాలన్నదే అసలు చిక్కు. ఆ రెండు మూడేళ్లకే ఈ నోటుబుక్కు.

చెప్పాలా వద్దా? ఇది కష్టమైన ప్రశ్న, నేను తేలిగ్గా తీసేయను. చెప్తే ఉద్యోగం ఇవ్వరేమో అన్న భయం ఉత్త భయం కాదు, అలా జరిగింది, నాకే ఒకచోట జరిగింది. 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో, పనికి తగిన సర్దుబాటు చేయడానికి నిరాకరించడం కూడా వివక్షే అని ఉంది. మీ నడుం నొప్పి దాని కిందికి వస్తుందా రాదా అన్నది మీ మీ చట్టాన్ని బట్టి, ఎంత తీవ్రం అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది కనుక్కోండి. నేను నేర్చుకున్నది ఎలా చెప్పాలన్నది. "నాకు డిస్క్ జారింది మేడమ్" అంటే ఎదుటివాళ్లకి వినిపించేది ఒక్కటే, ఈమె సెలవులు పెడుతుంది. "నేను గంటసేపు ఆగకుండా నడవగలను, 8 కిలోలు ఎత్తగలను, మంచం లేపితే ఏ డ్రెస్సింగైనా చేస్తాను, మనిషిని ఎత్తాలంటే మాత్రం మిషనో ఇంకో ఇద్దరో కావాలి" అంటే వాళ్లు డ్యూటీ చార్ట్ వైపు చూస్తారు. రెండోసారి ఉద్యోగం అడిగినప్పుడు నేను ఇలాగే చెప్పాను, నోటుబుక్కు తీసి చూపించాను కూడా. ఆ ఇన్‌చార్జి సిస్టర్ పేజీలు తిప్పి, "పొద్దున గంట వంగలేవా, అయితే పక్క దుప్పట్లు మార్చే పని వద్దు, మందులు నువ్వు చూడు" అంది. అంతే, అయిపోయింది. ఎనిమిది నెలలు దాచిన సంగతి పట్టుమని పది మాటల్లో తేలింది.

తోటివాళ్లు గొణుగుతారు. గొణగరని నేను చెప్పను. "ఆవిడ ఎత్తదు, మనమే ఎత్తాలి" అంటారు, నిజమే కదా, వాళ్ల నడుములూ నడుములే. వాళ్లు నాకోసం ఎత్తితే నేను వాళ్ల చార్టులు రాసేదాన్ని, మందుల లెక్క చూసేదాన్ని, ఏడుస్తున్న బంధువుల దగ్గర కూర్చునేదాన్ని. అడక్కముందే చేసేదాన్ని, అది ముఖ్యం. మాత్రల సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను: నరాల నొప్పికి ఇచ్చే మందులు కొన్ని మత్తు తెస్తాయి. అవి కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో ఇన్సులిన్ డోసులు లెక్కకట్టే పని పెట్టుకోకండి. బెల్టు అంటారా, కట్టుకుంటే హాయిగా ఉంటే కట్టుకోండి, అది ఉంది కదా అని బరువులెత్తకండి.

ప్రశ్నలు? ఆ, గోడ దగ్గర అమ్మాయి, ఇందాక చెయ్యెత్తలేదు నువ్వు. చెప్పు. ఫస్టియర్‌లో ఉన్నావు, ఆరు వారాలుగా నొప్పి, మానేయాలా అంటావు.

ఇప్పుడే మానేయకు, ఇప్పుడే ఏమీ తేల్చేసుకోకు కూడా. కాలిలో తిమ్మిరి ఉందా? లేదా, సరే, అయినా ఆరు వారాలంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే, ఈ వారంలోనే. పడుకుని ఉండిపోకు, నడువు, నడక ఆపితే నడుం ఇంకా బిగుసుకుపోతుంది. రెండు వారాలు పుస్తకం రాయి. తర్వాత నీ క్లినికల్ డ్యూటీలు వేసే మేడమ్ దగ్గరికి ఆ పుస్తకంతో వెళ్లు. ఏడుస్తూ వెళ్లకు, అంకెలతో వెళ్లు, ఏడుపొస్తే అదీ పర్లేదు. మొదటిసారి వినకపోతే రాసి ఇచ్చి, ఇచ్చిన కాపీ మీద తారీఖు వేయించుకో. నోటుబుక్కు లేదా? ఇదిగో, నాది కొత్తది ఒకటి ఉంది బ్యాగులో, తీసుకో. ఇవాళ ఇక్కడ ఎంతసేపు నిల్చున్నావో అది మొదటి లైన్‌లో రాయి.